తంగెళ్ళమూడి నుంచి భృగు సరస్సు దాకా

ఏలూరులో ఎత్తైన చోటు ఏదని అడిగితే చాలామంది రైల్వే ఓవర్‌బ్రిడ్జి పేరే చెబుతారు. అక్కడి నుంచి దక్షిణంగా చూస్తే చేలూ చేపల చెరువులూ దాటుకుని కొల్లేరు దాకా నేల ఎక్కడా తల ఎత్తదు. మాది తాడేపల్లిగూడెం. మా వైపూ అంతే. సైకిలెక్కి తణుకు బయల్దేరినవాడు దారిలో ఒక్కచోట కూడా దిగి తోసుకోనక్కర్లేదు. అలాంటి చదును నేల మీద పుట్టి పెరిగి, యాభయ్యేళ్లు దాటాక హిమాలయాల్లో పద్నాలుగు వేల అడుగుల ఎత్తున ఉన్న ఒక సరస్సుకి పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగి వచ్చిన మనిషి గురించి చెబుతాను. ఆవిడ పేరు కుల్సుమ్. ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలు నేస్తారు. ఆ రోజు ఆవిడ పక్కన నేనున్నాను.

నేను చేతివృత్తుల వాళ్లకు శిక్షణలూ ఎగ్జిబిషన్లూ ఏర్పాటు చేసే ఆఫీసులో పని చేసేదాన్ని. రోజూ తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి రైల్లో వచ్చిపోతుండేదాన్ని. 2005లో హిమాలయాల్లోని కులూలో శాలువాలు నేసేవాళ్ల సొసైటీ ఒకటి మా జిల్లా వాళ్లను తమ ఊరు పిలిచింది. మీరొచ్చి మా మగ్గాలు చూడండి, మేమొచ్చి మీ మగ్గాలు చూస్తాం అన్నారు. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్లు కొందరు, ఏలూరు తివాచీ పనివాళ్లు కొందరు సిద్ధమయ్యారు. మా సూపరింటెండెంటు నరసింహమూర్తి గారు నాయకుడు. ఆయనకు తోడు నేను.

కుల్సుమ్ గారిని తీసుకెళ్లాలని మొదట అన్నది నేనే. పని నాణ్యత ఒకటీ, ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి అక్కడ మాకు మాట సాయం ఉంటుందన్నది ఒకటీ. వాళ్లింటికి వెళ్లి ఆవిడ భర్త అహ్మద్ గారిని అడిగాను. ఆయన ఉన్నికి రంగులద్దుతారు. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. ఆ రోజు నీలం.

"అంత దూరం పంపుతారా అండీ?" అన్నాను.

"నన్నడుగుతారేంటండీ?" అన్నారాయన నవ్వుతూ. "ఆవిడ నడిచి వెళ్తాననకుండా రైల్లో వెళ్తానంటోంది. అదే పదివేలు."

ఆ మాటకు అర్థం నాకు ఢిల్లీ రైల్లో గానీ తెలియలేదు. నాగపూరు దాటాక, కిటికీ పక్కన కూర్చుని, కుల్సుమ్ గారు తన సంగతి చెప్పారు.

ఆవిడ తండ్రీ తాతా అందరూ తివాచీ పనివాళ్లే. పదేళ్లు నిండకముందే మగ్గం ముందు పలక మీద కూర్చోబెట్టారట. పెళ్లై వచ్చిన ఇంట్లోనూ మగ్గమే. నిలువుగా బిగించిన పడుగు దారాలకు ఒక్కొక్క ఉన్ని ముడి వేసుకుంటూ పోవడం, వరస పూర్తి కాగానే దువ్వెనతో దిగగొట్టడం. ఇదే బతుకు. రోజంతా కాళ్లు ముడుచుకుని ఉండాలి. నడవాల్సిన పని పెద్దగా ఉండదు.

అప్పటికి మూడేళ్ల కిందట వానాకాలంలో, మేడ మీద ఆరేసిన రంగు ఉన్ని దారపు చుట్టలు, చిలపలు, తడిసిపోతున్నాయని పరుగెత్తుకుంటూ వెళ్లి, దిగేటప్పుడు మెట్ల మీద జారారు. ఎడమ కాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. ఆపరేషను చేసి రాడ్డు వేశారు. కట్లు విప్పాక ఎముకల డాక్టరు గారు, "కర్ర పట్టుకుని ఇంట్లో తిరగగలవమ్మా. కింద కూర్చోవడం, కాళ్లు ముడవడం మాత్రం ఇక మరిచిపో" అన్నారట.

"అంటే మగ్గం మరిచిపొమ్మనే కదండీ?" అన్నారు కుల్సుమ్ గారు నాతో. "ఆయన మంచికే చెప్పారు. నేనే వినలేదు."

మొదట ఇంటి నుంచి వీధి చివరి దాకా నడిచారు. తరవాత మసీదు దాకా. ఆ తరవాత తమ్మిలేరు ఏటిగట్టు మీదికి. బురఖాలో, కర్ర పొడుచుకుంటూ ఆవిడ ముందు నడుస్తుంటే, వెనకాల అహ్మద్ గారు సైకిలు తోసుకుంటూ వచ్చేవారు. సైకిలు క్యారేజీకి ఒక ప్లాస్టిక్ స్టూలు కట్టి ఉండేది. ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడ స్టూలు వేసేవారు. ఆవిడ కూర్చునేవారు. మళ్లీ స్టూలు కట్టేవారు. గట్టు మీద జనం నవ్వేవారట. "ఊరేగింపు వచ్చిందిరోయ్" అనేవారట. నవ్వేవాళ్లను చూసి అహ్మద్ గారు సైకిలు బెల్లు కొట్టేవారట.

కొన్నాళ్లకు స్టూలు వేయాల్సిన అవసరం తగ్గింది. ఒకరోజు ఆయన స్టూలు ఇంట్లోనే మరిచిపోయి వచ్చారు. ఆ సంగతి ఇంటికి తిరిగొచ్చాక గానీ ఇద్దరూ గమనించలేదు. ఆ ఏడాది తిరిగేసరికి కుల్సుమ్ గారు మళ్లీ మగ్గం ముందు పలకెక్కి కూర్చున్నారు. అయినా నడక మానలేదు. చెల్లెలు తహసీన్ గారిది గుండుగొలను. ఒక పండక్కి బస్సులో వెళ్దామని అహ్మద్ గారు సంచీ సర్దుతుంటే, "మీరు బస్సులో రండి. నేను ముందు బయల్దేరతాను" అని ఆవిడ తెల్లవారకుండానే హైవే పట్టుకుని నడిచి, భోజనాల వేళకు చెల్లెలి గుమ్మంలో నిలబడ్డారట.

"మరి బస్సులో వచ్చిన అహ్మద్ గారు?" అన్నాను.

"నేను కనబడినంతసేపూ బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపారండీ" అన్నారు.

కులూలో నాలుగు రోజులు మగ్గాల మధ్య గడిచాయి. అక్కడ ఉన్ని వడికే ఒక ముసలావిడ దగ్గర కుల్సుమ్ గారు పూటల తరబడి కూర్చునేవారు. ఇద్దరి హిందీలూ వేరువేరే గానీ ఉన్ని గురించి మాట్లాడుకోవడానికి అవి సరిపోయాయి. ఒకరోజు కుల్సుమ్ గారు ఈ ఉన్ని ఇచ్చే గొర్రెలు ఎక్కడున్నాయని అడిగారు. ముసలావిడ చెయ్యెత్తి కొండల వైపు చూపించింది. ఎండాకాలం గొర్రెల కాపర్లు పైపైకి వెళ్లిపోతారట. చెట్లు కూడా మొలవని చోట గడ్డి ఉంటుందట. ఇప్పుడు భృగు సరస్సు దగ్గర తమ వాళ్ల మంద ఉందనీ, చలి మొదలవుతోంది కాబట్టి ఇవాళో రేపో దిగడం మొదలుపెడతారనీ చెప్పింది.

ఆ మర్నాడు మాకు మనాలీలో బస. దాని మర్నాడు సెలవు. అందరూ బజారు వెళ్లి శాలువాలు కొనుక్కోవాలని అనుకుంటున్నారు. రాత్రి భోజనాల దగ్గర కుల్సుమ్ గారు నరసింహమూర్తి గారి ముందుకు వచ్చి నిలబడ్డారు.

"సార్, నేను ఆ సరస్సు దాకా వెళ్లొస్తానండీ."

నరసింహమూర్తి గారి చేతిలో రొట్టె ఆగిపోయింది. "ఏ సరస్సండీ? దేంట్లో వెళ్తారు?"

"నడిచేనండీ. పొద్దున వెళ్తే రాత్రికి వచ్చేయొచ్చంటున్నారు."

"ఏవండీ, మీ కాల్లో రాడ్డుందని నాకు తెలుసు. రేపు మీకేమైనా అయితే అహ్మద్ గారికి నేనేం సమాధానం చెప్పాలి? కలెక్టరు గారికి ఏం చెప్పాలి?"

"కలెక్టరు గారికి నేనెవరో తెలీదు కదండీ" అన్నారు కుల్సుమ్ గారు ఎంతో మర్యాదగా.

నవ్వాపుకోలేక నేను, "నేనూ తోడు వెళ్తాను సార్" అనేశాను. ఎందుకన్నానో తెలియదు. నా బతుకులో అప్పటిదాకా నేనెక్కిన పెద్ద కొండ ద్వారకా తిరుమల. అదీ బస్సులో. నరసింహమూర్తి గారు కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అయితే నేనూ వస్తాను. మిమ్మల్ని పంపించి ఇక్కడ కూర్చుంటే నాకు నిద్ర పట్టదు" అన్నారు. ఆయన రోజూ ఏలూరు స్టేడియంలో నడిచే మనిషి. మాలో గట్టివాడు ఆయనే అనుకున్నాం.

లాడ్జి వాళ్లు దారి చూపించడానికి దిలేరామ్ అనే ఆయన్ని కుదిర్చారు. నలభై ఏళ్లుంటాయి. తల మీద కులూ టోపీ, కాళ్లకు మామూలు రబ్బరు బూట్లు. చీకటితోనే జీపులో గులాబా అనే చోటికి తీసుకెళ్లాడు. అక్కడ రోడ్డు వదిలేశాం. కుల్సుమ్ గారు సల్వారు కమీజు మీద రెండు స్వెట్టర్లు వేసుకుని, దుపట్టా తలకు బిగించి, గట్టు మీద నడిచే క్యాన్వాసు బూట్లే తొడుక్కున్నారు. చేతికర్ర తీసుకోలేదు. దిలేరామే ఒక కొమ్మ విరిచి చెక్కి ఇచ్చాడు.

బయల్దేరేముందు ఆయన మాకో షరతు పెట్టాడు. "మధ్యాహ్నం దాటితే పైన వాతావరణాన్ని నమ్మకూడదు. నేను తిరగమన్నప్పుడు తిరిగిపోవాలి. అది సరస్సుకి వంద అడుగుల దూరంలోనైనా సరే." ఆ మాటల్ని కుల్సుమ్ గారే మాకు తెలుగులో చెప్పారు. చెప్పి, తనూ బుద్ధిగా తలూపారు.

మొదట అడవి. తెల్లటి బెరడు కాగితంలా ఊడి వేలాడే భూర్జ చెట్లు. దారి నేరుగా ఆకాశంలోకి పెట్టినట్టుంది. పట్టుమని పావుగంట గడవలేదు, నా గుండె చెవుల్లో కొట్టుకోవడం మొదలైంది. మన వైపు గాలి చిక్కగా ఉంటుంది. పీల్చడం అనేది ఒక పని అని అనిపించదు. అక్కడ ప్రతి ఊపిరినీ అడిగి తెచ్చుకున్నట్టుంది. కుల్సుమ్ గారు మాత్రం మొదటి నుంచీ ఒకటే నడక. వేగం లేదు, ఆగడం లేదు. కొమ్మ కర్ర పెట్టడం, కుడికాలు వేయడం, ఎడమకాలు ఈడ్చి దాని పక్కన పెట్టడం. మేము గబగబా నాలుగడుగులు వేసి ఆగి రొప్పుతుంటే, ఆవిడ మా పక్కనుంచి నెమ్మదిగా దాటిపోయేవారు.

చెట్లు అయిపోయాక పచ్చిక మొదలైంది. అది ఒక గుట్ట. ఎక్కాక, అదే చివరిదనుకుంటే, దాని వెనక ఇంకోటి. సెప్టెంబరు కాబట్టి గడ్డి అప్పుడే పసుపెక్కుతోంది. కిందికి చూస్తే మేము జీపు దిగిన రోడ్డు జారవిడిచిన దారంలా ఉంది. ఎదురుగా మంచు కొండలు, ఎండ తగిలి కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి.

ఒక వాగు పక్కన గొర్రెల కాపర్ల గుడారం కనబడింది. అక్కడికి చేరేసరికి నరసింహమూర్తి గారి మొహం పాలిపోయింది. తల పగిలిపోతోందన్నారు. రాయి మీద కూర్చుని వాంతి చేసుకున్నారు. దిలేరామ్ ఆయన మొహంలోకి చూసి, ఇది కాళ్ల బలానికి సంబంధించింది కాదనీ, ఎత్తు కొందరికి పడదనీ, ఇక ఒక్క అడుగు కూడా పైకి వద్దనీ అన్నాడు. గుడారంలో ఉన్న ముసలి కాపరి నిప్పు రాజేసి టీ పెట్టాడు. తలనొప్పి తగ్గకపోతే ఆయన్ని తనే కిందికి దింపుతానన్నాడు.

నరసింహమూర్తి గారు కంబళి కప్పుకుని, కళ్లు మూసుకునే, "మీరు కూడా ఆగిపోండి" అన్నారు. కాసేపాగి తనే, "వద్దులెండి. వెళ్లిరండి. జాగ్రత్త" అన్నారు.

అక్కడి నుంచి ముగ్గురం. పచ్చిక పోయి రాళ్లొచ్చాయి. బండలు, బండల మీద బండలు, ఏనుగంతవి కొన్ని, స్టూలంతవి కొన్ని. కాలు వేస్తే కొన్ని కదులుతాయి. ఎండ పోయింది. ఒక మబ్బు కొండ వెనక నుంచి వచ్చి మా చుట్టూ పొగలా దిగింది. చిన్న చిన్న వడగళ్లు పడ్డాయి, వరి గింజల్లాంటివి.

అక్కడే జరిగింది. కుల్సుమ్ గారు వేసిన కాలి కింద రాయి దొర్లింది. ఎడమకాలు రెండు బండల మధ్య దిగబడింది. ఆవిడ అరవలేదు. "యా అల్లా" అని మాత్రం అని అలాగే కూర్చుండిపోయారు. మేమిద్దరం పట్టుకుని కాలు బయటికి తీశాం. సల్వారు చిరిగింది. మోకాలి కింద, పాత కుట్ల గుర్తు పక్కనే, చర్మం లేచిపోయి రక్తం కారుతోంది. దిలేరామ్ వేళ్లతో ఎముక పొడుగునా నొక్కి చూశాడు. విరగలేదన్నాడు. కానీ తిరిగిపోతే మంచిదేమో అన్నాడు.

ఆవిడ తల మీది దుపట్టా విప్పి, మోకాలి నుంచి మడమ దాకా బిగించి చుట్టి, చివరను ఒక ముడి వేశారు. నలభై ఏళ్లుగా ముడులు వేస్తున్న చేయి అది. మళ్లీ సాయంత్రం దాకా ఆ కట్టు సడలలేదు. స్వెట్టరుకున్న టోపీ తల మీదికి లాక్కుని, రాయి పట్టుకుని లేచి నిలబడి, బరువు ఆ కాలి మీదే వేసి చూసుకున్నారు.

"కుల్సుమ్ గారూ, వద్దండీ. ఇంత దూరం వచ్చాం, చాలదా?" అన్నాను.

"ఈ కాలు మాట వింటే నేనింకా మంచంలోనే ఉండేదాన్నండీ" అన్నారు. దిలేరామ్ వైపు తిరిగి హిందీలో, "మధ్యాహ్నం దాటిందా?" అని అడిగారు.

ఆయన మబ్బులోకి చూశాడు. "ఇంకా లేదు."

"అయితే నువ్వింకా తిరగమనలేదన్నమాట."

దిలేరామ్ మొహంలో నేను అప్పటిదాకా చూడని నవ్వొకటి వచ్చింది. ముందుకు వెళ్లి, ఆవిడ కాలు వేయాల్సిన ప్రతి రాయినీ తను ముందు తొక్కి కదిపి చూడడం మొదలుపెట్టాడు.

నిజం చెప్పాలంటే చివరికి చతికిలబడింది నేను. ఒక నిటారు వాలు దగ్గర పైకి చూశాను. మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. వెనక్కి చూశాను. అటూ మబ్బే. బండకు వీపు ఆనించి, "నావల్ల కాదండీ. మీరు వెళ్లి చూసి రండి. నేనిక్కడే ఉంటాను" అన్నాను. ఏడుపొచ్చింది కూడా.

కుల్సుమ్ గారు నా పక్కన కూర్చున్నారు. స్వెట్టరు జేబులోంచి కాగితం పొట్లం తీశారు. ఏలూరు నుంచి తెచ్చిన జంతికలు. నా చేతిలో రెండు పెట్టారు. ఆ చలిలో, ఆ ఎత్తున, వాముతో వేయించిన ఆ జంతిక వాసనకు నాకు మా వంటిల్లు గుర్తొచ్చింది.

"మేడమ్ గారూ, మీరాగితే నేనూ ఆగిపోవాలండీ" అన్నారు.

"ఎందుకు?"

"నేనొక్కదాన్నే వెళ్లి చూసొచ్చానంటే మా వీధిలో ఎవరు నమ్ముతారు? సాక్ష్యానికైనా రండి."

నవ్వొచ్చింది. నవ్వాక లేవక తప్పలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఎవరు ఎవరిని లాగుతున్నామో తెలియకుండా ఆ వాలు ఎక్కాం.

పైకి చేరగానే గాలి ఈడ్చి కొట్టింది. మబ్బు పక్కకు తొలగింది. మా కాళ్ల కింద ఒక గిన్నెలాంటి లోయ, దాని అడుగున సరస్సు. ముదురు ఆకుపచ్చ నీళ్లు. అటు ఒడ్డున కరగని మంచు నీళ్లలోకి దిగి ఉంది. ఒక అల లేదు. ఒక పక్షి లేదు.

కుల్సుమ్ గారు చాలాసేపు చూశారు. నేను ఆవిడ మొహం చూస్తున్నాను. ఏమంటారో అని.

"ఇంతేనా అండీ?" అన్నారు. "మన కొల్లేరు ముందు ఇది కుంట కదా!"

నేను పగలబడి నవ్వాను. ఆవిడా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "చిన్నదే. కానీ ఇక్కడికి రావాలంటే ఎవరైనా నడవాల్సిందే కదండీ. ఎంత గొప్పవాళ్లైనా" అన్నారు.

కిందికి దిగాం. దిలేరామ్‌కి అది దేవతల చోటు. ఒడ్డున బూట్లు విప్పి, నీళ్లు తల మీద చల్లుకుని, రాళ్ల గూడు ముందు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. కుల్సుమ్ గారు కూడా బూట్లు విప్పారు. ఆ గడ్డకట్టే నీళ్లతోనే చేతులు, మొహం, పాదాలు కడుక్కున్నారు. పడమర ఎటని అడిగితే దిలేరామ్ చెయ్యి చాచి చూపించాడు. తన కంబళి తీసి రాళ్ల మీద పరిచాడు. ఆవిడ దాని మీద నమాజు చేసుకున్నారు. మోకాలు వంచి నేల మీద కూర్చున్నప్పుడు కట్టు కట్టిన కాలి నొప్పికి పెదవి బిగబట్టడం కనిపించింది. డాక్టరు గారు ఇక మరిచిపొమ్మన్న కూర్చోవడం అదే. అక్కడ, ఆ ఎత్తున, ఆవిడ నిదానంగా కూర్చున్నారు, వంగారు, నుదురు నేలకానించారు, లేచారు. ఒకవైపు ఆయన, ఒకవైపు ఆవిడ. మధ్యలో నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నాకేం చేయాలో తోచలేదు. అలా నిలబడడమే చాలనిపించింది.

మంద పక్క వాలు మీదే ఉంది. దూరం నుంచి బండలనుకున్నవి కదిలేసరికి గొర్రెలని తెలిసింది. కాపరి ఒకణ్ని దిలేరామ్ ఈల వేసి పిలిచాడు. ఏలూరు అనే ఊరు ఎంత దూరమో, ఆవిడ ఎందుకొచ్చారో చెప్పాడు. కాపరి ఒక గొర్రెను కొమ్ములు పట్టి తెచ్చి ఆవిడ ముందు నిలబెట్టాడు.

కుల్సుమ్ గారు రెండు చేతులూ దాని ఉన్నిలోకి పోనిచ్చారు. మణికట్టు దాకా, ఆ పైదాకా. వెంటనే ఉలిక్కిపడ్డట్టు నా వైపు చూశారు.

"వెచ్చగా ఉందండీ!"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పదేళ్లప్పటి నుంచీ ఉన్ని పట్టుకుంటున్నాను. చిలపలుగా వస్తుంది, ఉతికి, రంగేసి. ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. దీనికి ఇంత వేడుంటుందని నాకు తెలీదండీ" అన్నారు. ఆ గొర్రె అసహనంగా తల విదిలిస్తున్నా చాలాసేపు చేతులు తీయలేదు.

దిగడం ఎక్కడం కన్నా కష్టమైంది. కట్టు కట్టిన కాలు కిందికి వేసినప్పుడల్లా ఆవిడ మొహం చిట్లిపోయేది. నిటారు చోట్ల వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగారు. దిలేరామ్ వీపు మీద మోసుకెళ్తానంటే, "ఎక్కింది నేను. దిగేదీ నేనే" అన్నారు. గుడారం దగ్గరికి వచ్చేసరికి ఎండ వాలింది. నరసింహమూర్తి గారు తేరుకుని, గుడారం బయట నిలబడి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మా దారే చూస్తున్నారు. మమ్మల్ని చూసి గబగబా రెండడుగులు ముందుకు వేశారు. చిరిగిన సల్వారు, రక్తం ఎండిన దుపట్టా చూసి ఆగిపోయారు.

"వెళ్లారా? అక్కడిదాకా?"

"వెళ్లామండీ" అన్నారు కుల్సుమ్ గారు.

ఆయన రెండు చేతులూ జోడించి ఆవిడకు నమస్కారం పెట్టారు. ఆఫీసులో ఎవరినైనా "ఏమిటి సంగతి" అని మాత్రమే పలకరించే మనిషి. ఆవిడ సిగ్గుపడి, "అయ్యో, అలా చేయకండి సార్" అన్నారు.

రాత్రి మనాలీలో ఆయనే సెల్‌ఫోను తీసి అహ్మద్ గారికి ఫోను చేశారు. స్పీకరు లేదు గానీ ఆయన గొంతు లాడ్జంతా వినిపించింది.

"అహ్మద్ గారూ, మీ ఆవిడ ఏం చేశారో తెలుసాండీ? మేఘాలున్నాయి కదండీ, వాటి పైకి వెళ్లొచ్చారు... ఆ, నడిచేనండీ... నేనా? నేను సగం దాకా వెళ్లానండీ... కాలా? ఆ కాలికి దండం పెట్టాలండీ!"

తరవాత ఫోను కుల్సుమ్ గారికిచ్చారు. ఆవిడ గోడ వైపు తిరిగి ఉర్దూలో మెల్లగా మాట్లాడారు. మాటలు వినకూడదని నేను బయటికి వచ్చేశాను. కానీ మధ్యలో ఆవిడ నవ్వు వినిపించింది.

ఏలూరు స్టేషనుకి అహ్మద్ గారు ముందే వచ్చి నిలబడ్డారు. ఆ రోజు చేతులకు ఎరుపు. ఆవిడ దిగగానే సంచీ అందుకోవడం కూడా మరిచిపోయి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టి, బూటు విప్పి కాలు చూశారు. రెండు వేళ్ల గోళ్లు నల్లబడి ఉన్నాయి. అటూ ఇటూ తిప్పి చూసి, "బానే ఉంది" అని మళ్లీ బూటు తొడిగి, తాడు తనే కట్టారు. అంతకుమించి ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆయన చెవులు ఎర్రబడడం కనిపించింది.

ఓ పది రోజుల తరవాత ఏదో పని మీద తంగెళ్ళమూడి వెళ్లాను. వీధి మొదట్లో టీ బడ్డీ దగ్గర ఆగాను. బడ్డీ ఆయన గ్లాసు అందిస్తూ, "మీది ఈ ఊరు కాదాండీ?" అన్నాడు.

"కాదండీ. తాడేపల్లిగూడెం."

"అయితే మా కుల్సుమ్ బీ గారి సంగతి మీకు తెలిసుండదు" అన్నాడు. అని, మరిగే పాలు వదిలేసి, చెప్పడం మొదలుపెట్టాడు. రాడ్డున్న కాలితో హిమాలయాలెక్కిందన్నాడు. వడగళ్లు కొబ్బరికాయలంత పడ్డాయన్నాడు. దారిలో ఎలుగుబంటి ఎదురైతే కర్రతో అదిలించిందన్నాడు. వెంట వెళ్లిన ఆఫీసరమ్మ ఒకావిడ ఏడిస్తే చెయ్యి పట్టుకుని నడిపించిందన్నాడు. వింటున్న ఇద్దరు రిక్షావాళ్లు, తాము అప్పటికే ఎన్నోసార్లు విన్న కథే అయినా, మళ్లీ "అబ్బో" అన్నారు.

"ఎవరు చెప్పారండీ మీకు ఇదంతా?" అన్నాను.

"అహ్మద్ గారేనండీ! రోజూ చెబుతున్నారు. వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నారు. నమ్మరా ఏంటి? మీరే వెళ్లి అడగండి, ఆ మూడో ఇల్లే."

"ఎందుకు నమ్మనండీ" అని, గ్లాసు చేతిలో పట్టుకుని, ఆయన మిగతాదంతా చెప్పేదాకా అక్కడే నిలబడి విన్నాను.